దూరం తరిగిన దీవులు – క్లౌడ్ కంప్యూటింగ్ చరిత్ర, దాని సేవా విధానాలు



క్లౌడ్ కంప్యూటింగ్ అనే ఏర్పాటు ఎలా పుట్టింది, ఎలా పెరిగింది, ఏయే రూపాల్లో మనకు సేవ చేస్తోంది అన్న విషయాలను ఈ పాఠంలో తెలుసుకుందాం. సాధారణంగా దీన్ని అమెరికాలోని కొన్ని పెద్ద కంపెనీల కథగా చెబుతుంటారు. మనం మాత్రం బంగాళాఖాతంలోని అండమాన్ నికోబార్ దీవుల దగ్గర నిలబడి ఈ కథను చూద్దాం.

ఎందుకు అక్కడే అంటారా? హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో ఉన్నవారికి ఇంటర్నెట్ కుళాయి తిప్పితే వచ్చే నీళ్ల లాంటిది. అది ఏ దారిన వస్తోందో ఎవరూ ఆలోచించరు. దీవిలో ఉన్నవారికి ఆ దారి విలువ బాగా తెలుసు. అదీగాక ఆ దీవులు మనకు పరాయివి కావు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నూటికి 13 మంది మాతృభాష తెలుగు. విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఓడలో వెళ్లి స్థిరపడిన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. ఆ పోర్ట్ బ్లెయిర్‌కే 2024 సెప్టెంబరులో ప్రభుత్వం శ్రీ విజయపురం అని పేరు మార్చింది. పాత సంగతులు చెప్పేటప్పుడు పాత పేరునే వాడుకుందాం.

దూరమే శిక్షగా ఉన్న రోజులు

1857 తిరుగుబాటు తరువాత, 1858లో, బ్రిటిష్ పాలకులు అండమాన్‌లో ఖైదీల స్థావరం నెలకొల్పారు. ఆ చోటును ఎంచుకోవడానికి ముఖ్య కారణం దూరం. చుట్టూ సముద్రం ఉంటే గోడ అవసరం లేదు. ఇంటి నుంచి ఉత్తరం రాదు, ఇంటికి కబురు పోదు. 1906లో పూర్తయిన సెల్యులార్ జైలు ఆ శిక్షను మరింత కఠినం చేసింది. మన రంప తిరుగుబాటులో పాల్గొన్నవారిలో కొందరిని కూడా ఈ దీవులకే పంపారు.

20వ శతాబ్దం తొలి దశకంలో పోర్ట్ బ్లెయిర్‌కూ బర్మా తీరంలోని డైమండ్ ఐలండ్‌కూ మధ్య వైర్‌లెస్ టెలిగ్రాఫ్ ఏర్పడింది. మొదటిసారిగా కబురు ఓడకంటే ముందు చేరింది. కాని సరుకైనా మనిషైనా రావాలంటే ఓడే దిక్కు. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ గాలిలో దాదాపు 1,360 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఈనాటికీ ఓడ ప్రయాణం రెండున్నర మూడు రోజులు పడుతుంది.

ఈ దూరాన్ని గుర్తుంచుకోండి. ఇక కంప్యూటర్ల వైపు వెళదాం.

ఒక కంప్యూటర్, అనేకమంది వినియోగదారులు

1950లలో కంప్యూటర్ అంటే ఒక పెద్ద గది నిండా యంత్రాలు. ధర లక్షల డాలర్లలో ఉండేది. ప్రోగ్రామ్ రాసినవారు దాన్ని కార్డులపై రంధ్రాలుగా పొడిపించి, కట్టకట్టి ఆపరేటర్‌కు ఇచ్చి, తమ వంతు వచ్చేదాకా ఎదురు చూసేవారు. ఒక్క అక్షరం తప్పు పోయినా మళ్లీ మొదటికి రావలసిందే.

ఇక్కడ ఒక వింత ఉంది, గమనించండి. యంత్రం చాలా వేగంగా లెక్కలు చేస్తుంది. మనిషి నెమ్మదిగా ఆలోచిస్తాడు, నెమ్మదిగా టైపు చేస్తాడు. ఒక మనిషి ఆలోచిస్తున్న క్షణంలో యంత్రం ఖాళీగా కూర్చుంటుంది. ఆ ఖాళీ సమయాన్ని మరొకరికి ఎందుకు ఇవ్వకూడదు? ఈ ప్రశ్నకు జవాబే టైమ్ షేరింగ్. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో ఫెర్నాండో కోర్బాటో బృందం 1961 నవంబరులో దీన్ని చేసి చూపింది. ఒకే కంప్యూటర్‌కు అనేక టెర్మినళ్లు కలిపారు. యంత్రం ఒక్కొక్కరికీ క్షణంలో కొంత భాగం కేటాయిస్తూ చకచకా తిరుగుతుంది. అందువల్ల ప్రతివారికీ కంప్యూటర్ అంతా తమదే అన్న భావన కలుగుతుంది.

అదే 1961లో, అదే సంస్థ శతవార్షికోత్సవాల్లో మాట్లాడుతూ జాన్ మెకార్తీ ఒక ముందుచూపు మాట చెప్పారు. టెలిఫోన్ ఎలా ప్రజా సదుపాయమైందో, ఏదో ఒక రోజున కంప్యూటింగ్ కూడా అలాగే ప్రజా సదుపాయం కావచ్చునన్నది దాని సారాంశం. మన ఇంట్లో కరెంటు కోసం మనం జనరేటర్ కొనం కదా! మీటరు చూసి, వాడుకున్నంతకు చెల్లిస్తాం. కంప్యూటర్ కూడా అలా ఎందుకు కాకూడదన్నదే ఆయన ఆలోచన. క్లౌడ్ కంప్యూటింగ్‌కు విత్తనం ఇదే.

ఒక యంత్రంలో అనేక యంత్రాలు

విత్తనం మొలకెత్తడానికి మరొక అంశం కావలసి వచ్చింది. పదిమంది ఒకే యంత్రాన్ని పంచుకుంటున్నప్పుడు ఒకరి ప్రోగ్రామ్ చెడితే మిగతావారి పని కూడా ఆగిపోవచ్చు. ఒకరి సమాచారం మరొకరి కంట పడవచ్చు. దీనికి పరిష్కారం 1960లలో ఐ.బి.ఎం. కంపెనీకి చెందిన కేంబ్రిడ్జ్ పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకుంది. అసలు యంత్రానికీ వినియోగదారులకూ మధ్య ఒక సాఫ్ట్‌వేర్ పొరను పెట్టారు. ఆ పొర ఒక్కొక్కరికీ ఒక్కొక్క పూర్తి కంప్యూటర్ ఉన్నట్టు చూపిస్తుంది. లేని యంత్రాన్ని ఉన్నట్టు చూపించే ఈ ఏర్పాటును వర్చువల్ మెషీన్ అన్నారు. 1972లో ఐ.బి.ఎం. దీన్ని వీఎం/370 పేరుతో మార్కెట్లోకి తెచ్చింది.

ఒక పెద్ద ఇంటిని గోడలు కట్టి వాటాలుగా చేసి అద్దెకు ఇవ్వడం మీరు చూసి ఉంటారు. ఎవరి తలుపు, ఎవరి తాళం వారివే. పునాది, పైకప్పు మాత్రం అందరికీ ఒకటే. వర్చువల్ మెషీన్ కూడా అంతే. ఒక వాటా ఖాళీ అయితే మరొకరికి ఇవ్వవచ్చు. ఈనాటి క్లౌడ్ వ్యాపారానికి పునాది ఈ వాటాల పద్ధతే.

ఎవరి కంప్యూటర్ వారిదైన కాలం

1981 ఆగస్టులో ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటర్ వచ్చింది. కొద్ది కాలంలోనే చిప్‌ల ధరలు పడిపోయాయి. కంప్యూటర్ బల్ల మీదికి వచ్చేసరికి దాన్ని పంచుకోవలసిన అవసరం ఏమిటని అందరూ అనుకున్నారు. టైమ్ షేరింగ్ వెనకబడింది. చరిత్రలో ఒక మంచి ఆలోచన కొంతకాలం పక్కకు తప్పుకొని, తగిన పరిస్థితులు ఏర్పడ్డాక తిరిగి రావడం చూస్తుంటాం. ఇదీ అలాంటిదే.

మన రాష్ట్రంలోని ఉదాహరణ చూడండి. 1998లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూముల రిజిస్ట్రేషన్ కోసం ‘కార్డ్’ పథకాన్ని ప్రవేశపెట్టింది. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలలో కంప్యూటర్లు పెట్టారు. పని వేగం పెరిగింది. కాని కంప్యూటర్ ప్రతి కార్యాలయంలోనూ ఉండాలి, సమాచారం అక్కడే ఉండాలి, మరమ్మతు అక్కడే జరగాలి. 2001లో హైదరాబాదు జంట నగరాల్లో ‘ఈ-సేవ’ కేంద్రాలు వచ్చాయి. అక్కడ కరెంటు బిల్లు, నీటి బిల్లు, పన్నులు ఒకే కౌంటర్‌లో కట్టగలిగారు. ఏ శాఖ కంప్యూటర్ ఎక్కడ ఉందో ప్రజలకు అనవసరం. వారికి కావలసింది సేవ. ఈ-సేవను క్లౌడ్ అనలేం గాని, ‘యంత్రం అక్కడ, సేవ ఇక్కడ’ అన్న అలవాటును మన ప్రజలకు చేసిన తొలి ఏర్పాట్లలో అదొకటి.

ఈలోగా ఇంటర్నెట్ విస్తరించింది. 1996 జులై 4న సబీర్ భాటియా, జాక్ స్మిత్ హాట్‌మెయిల్‌ను ప్రారంభించారు. ఉత్తరం మన కంప్యూటర్‌లో కాక ఎక్కడో దూరంగా ఉంటుంది. ఏ ఊరిలో, ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా తెరిచి చదువుకోవచ్చు. 1999లో మొదలైన సేల్స్‌ఫోర్స్ కంపెనీ వ్యాపార సాఫ్ట్‌వేర్‌ను డిస్కులలో అమ్మకుండా ఇంటర్నెట్ ద్వారా చందాకు ఇచ్చింది.

అద్దెకు కంప్యూటర్ – 2006

2006 మార్చిలో అమెజాన్ కంపెనీ ఎస్3 అనే సేవను తెచ్చింది. ఇది సమాచారం దాచుకునే స్థలాన్ని అద్దెకిచ్చే సేవ. అదే సంవత్సరం ఆగస్టులో ఈసీ2 పేరుతో కంప్యూటర్లనే అద్దెకు ఇవ్వసాగింది. మొదట్లో అద్దె గంటకు పది సెంట్లు. అప్పటిదాకా ఒక సర్వర్ కావాలంటే డబ్బు సమకూర్చుకొని, ఆర్డర్ ఇచ్చి, వారాల తరబడి ఎదురు చూడాలి. ఇప్పుడు నిమిషాల్లో దొరుకుతోంది. పని అయిపోయాక తిరిగి ఇచ్చేయవచ్చు. మెకార్తీ చెప్పిన మీటరు 45 సంవత్సరాల తరువాత తిరగడం మొదలైంది. 2008లో గూగుల్ యాప్ ఇంజిన్, 2010లో మైక్రోసాఫ్ట్ అజూర్ వ్యాపార సేవలు వచ్చాయి.

‘క్లౌడ్’ అన్న పేరు ఎలా వచ్చింది? ఇంజనీర్లు నెట్‌వర్క్ పటాలు గీసేటప్పుడు, లోపలి వివరం చూపనవసరం లేని భాగాన్ని మేఘం బొమ్మగా గీసేవారు. ‘ఇందులో ఏముందో ఇప్పుడు మనకు అక్కరలేదు’ అని దాని అర్థం. 2006 ఆగస్టులో గూగుల్ అధినేత ఎరిక్ ష్మిట్ ఒక సదస్సులో ఈ మాట వాడాక అది బాగా ప్రచారంలోకి వచ్చింది. పేరు విని క్లౌడ్ ఆకాశంలో ఉంటుందని అనుకోకండి. అది నేల మీద, పెద్ద పెద్ద భవనాల్లో, వేల కంప్యూటర్ల రూపంలో ఉంటుంది. ఆ భవనాలనే డేటా సెంటర్లు అంటారు.

ఐదు లక్షణాలు

2011 సెప్టెంబరులో అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్.ఐ.ఎస్.టి. క్లౌడ్‌కు ఒక నిర్వచనం ఇచ్చింది. దాని ప్రకారం ఐదు లక్షణాలు ఉంటేనే దాన్ని క్లౌడ్ అనాలి. మీ కళాశాలలో ప్రవేశాల నమోదు జరుగుతోందనుకొని వీటిని పరిశీలిద్దాం.

ఒకటి, ఎవరినీ అడగకుండా కావలసినప్పుడు మనమే తీసుకోగలగాలి. రెండు, సెల్‌ఫోన్ నుంచైనా కంప్యూటర్ నుంచైనా నెట్‌వర్క్ ద్వారా అందాలి. మూడు, వనరులన్నీ ఒక ఉమ్మడి రాశిగా ఉండి అనేకమందికి పంచబడాలి. నాలుగు, అవసరాన్ని బట్టి పెరగాలి, తరగాలి. ప్రవేశాల వారంలో వేలమంది ఒక్కసారి దరఖాస్తు చేస్తే పది సర్వర్లు కావాలి, మిగతా ఏడాదంతా ఒక్కటి చాలు. ఐదు, వాడకం కొలవబడాలి, కొలిచినంతకే బిల్లు రావాలి.

ఈ ఏర్పాటు ఎవరికోసమన్న దాన్ని బట్టి నాలుగు రకాలు చెప్పారు. అందరికీ అద్దెకిచ్చేది పబ్లిక్ క్లౌడ్, ఒకే సంస్థకు పరిమితమైనది ప్రైవేట్ క్లౌడ్, ఒకే రకమైన అవసరాలున్న సంస్థలు కలిసి వాడేది కమ్యూనిటీ క్లౌడ్, వీటిలో రెండో మూడో కలిస్తే హైబ్రిడ్ క్లౌడ్.

మూడు సేవా విధానాలు – ఓడ ఉదాహరణ

ఇప్పుడు పాఠంలో ముఖ్యమైన భాగానికి వచ్చాం. క్లౌడ్ సేవలు మూడు విధాలు. వీటిని అర్థం చేసుకోవడానికి దీవుల వారికి బాగా తెలిసిన ఓడనే ఉదాహరణగా తీసుకుందాం. విశాఖపట్నం నుంచి శ్రీ విజయపురానికి సరుకు చేర్చాలి. సొంత ఓడ కొనవచ్చు. కొన్నాక దాని నడక, మరమ్మతు, సిబ్బంది, నష్టం అన్నీ మనవే. సొంత సర్వర్ గది పెట్టుకోవడం ఇలాంటిదే. ఓడ కొనలేనివారికి నౌకా వ్యాపారంలో మూడు దారులున్నాయి.

మొదటిది, ఒట్టి ఓడను అద్దెకు తీసుకోవడం. దీన్ని బేర్‌బోట్ చార్టర్ అంటారు. ఓడ యజమానిది. కెప్టెన్, సిబ్బంది, ఇంధనం, నడిపే బాధ్యత మనది. క్లౌడ్‌లో దీనికి సమానమైనది ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ యాజ్ ఎ సర్వీస్, అంటే మౌలిక వనరులే సేవగా ఇవ్వడం. యంత్రం, నిల్వ స్థలం, నెట్‌వర్క్ వారు ఇస్తారు. వర్చువల్ మెషీన్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ ఏది ఉండాలో మనమే ఎంచుకుంటాం, దాని భద్రతా సవరణలు మనమే వేసుకుంటాం. అమెజాన్ ఈసీ2 ఈ కోవలోది.

రెండవది, సిబ్బందితో సహా ఓడను కొంతకాలానికి మాట్లాడుకోవడం. దీన్ని టైమ్ చార్టర్ అంటారు. ఏ రేవుకు వెళ్లాలి, ఏ సరుకు ఎక్కించాలి అన్నది మనం చెబుతాం. ఓడను నడిపేది, బాగుచేసేది యజమాని మనుషులే. క్లౌడ్‌లో ఇది ప్లాట్‌ఫామ్ యాజ్ ఎ సర్వీస్. మన ప్రోగ్రామ్‌ను మనం రాసి అక్కడ పెడతాం. ఆపరేటింగ్ సిస్టమ్, డేటాబేస్ నిర్వహణ వారు చూసుకుంటారు. గూగుల్ యాప్ ఇంజిన్ దీనికి ఉదాహరణ. దీవిలోని ఒక యువకుడు ఓడ టికెట్ల కోసం ప్రోగ్రామ్ రాశాడనుకోండి. అతనికి సర్వర్ గది అక్కరలేదు, దాన్ని చూసే మనిషీ అక్కరలేదు. ప్రోగ్రామ్ చక్కగా ఉంటే చాలు.

మూడవది, టికెట్ కొని ఓడ ఎక్కడం. ఓడ ఎవరిదో, ఇంజన్ ఏ కంపెనీదో మనకు పట్టదు. సమయానికి చేర్చితే చాలు. ఇది సాఫ్ట్‌వేర్ యాజ్ ఎ సర్వీస్. మీరు వాడే ఈ-మెయిల్ ఇలాంటిదే. మార్కుల జాబితాలు భద్రపరచుకునే డిజిలాకర్‌ను కూడా మీరు ఇలాగే వాడతారు. ఈ మూడింటినీ కంప్యూటర్ రంగంలోనివారు క్లుప్తంగా ఐయాస్, పాస్, సాస్ అంటారు.

ఇప్పుడు ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. మొదటి దారి నుంచి మూడవ దారికి వెళ్లేకొద్దీ మన శ్రమ తగ్గుతోంది. దానితో పాటు మన పట్టు కూడా తగ్గుతోంది. టికెట్ ప్రయాణికుడు ఓడ దారి మార్చలేడు. అయితే మూడింటిలోనూ మారనిది ఒకటుంది. ప్రయాణికుడి పెట్టె ప్రయాణికుడిదే! పెట్టెలో ఏముందో, తాళం ఎవరి దగ్గర ఉందో చూసుకోవలసింది అతనే. అలాగే ఏ సేవ తీసుకున్నా మన సమాచారం, మన పాస్‌వర్డ్, ఎవరిని లోపలికి రానివ్వాలన్న నిర్ణయం మనవే. పరీక్షలో మూడు విధానాల పేర్లు రాస్తే మార్కులు వస్తాయి. ఏ విధానంలో ఏ పని ఎవరిదో తెలిసినప్పుడే విషయం అర్థమైనట్టు.

ఉపగ్రహం నుంచి సముద్రపు తీగ దాకా

ఈ మూడు విధానాలకూ ఒక ఉమ్మడి షరతు ఉంది. యంత్రం దూరంగా ఉంది కాబట్టి దారి బాగుండాలి. అండమాన్ దీవుల కథ ఇక్కడే కలుస్తుంది.

2020 దాకా ఈ దీవులకు ప్రధాన భూభాగంతో ఇంటర్నెట్ సంబంధం ఉపగ్రహం ద్వారానే ఉండేది. భూస్థిర ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. సంకేతం పైకి వెళ్లి కిందికి రావాలంటే దాదాపు 72,000 కిలోమీటర్లు ప్రయాణించాలి. కాంతివేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. కాబట్టి పట్టే సమయం 72,000 ÷ 3,00,000 = 0.24 సెకను. జవాబు తిరిగి రావడానికి మరో 0.24 సెకను. మొత్తం 0.48 సెకను. అర సెకనే కదా అనుకోవద్దు. ఒక వెబ్ పేజీ తెరుచుకునే లోపు మన కంప్యూటర్‌కూ సర్వర్‌కూ మధ్య ఒకదాని తరువాత ఒకటిగా ఇరవై ప్రశ్నలు జవాబులు నడిచాయనుకుంటే, నిరీక్షణకే దాదాపు 10 సెకన్లు పోతాయి. ఆపైన ఉపగ్రహంలో దారి ఇరుకు. దీవులన్నీ ఆ ఇరుకు దారినే పంచుకోవాలి. నగరంలో సులభంగా నడిచే సేవ అక్కడ తెరుచుకోకుండానే ఆగిపోయేది.

2018 డిసెంబర్ 30న చెన్నై – అండమాన్ నికోబార్ సముద్రాంతర కేబుల్‌కు పోర్ట్ బ్లెయిర్‌లో శంకుస్థాపన జరిగింది. బి.ఎస్.ఎన్.ఎల్. ఈ పథకాన్ని అమలు చేసింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ టి.సి.ఐ.ఎల్. సాంకేతిక సలహాదారుగా పనిచేసింది. సార్వత్రిక సేవా నిధి నుంచి డబ్బు వచ్చింది. వ్యయం సుమారు 1,224 కోట్ల రూపాయలు. దాదాపు 2,300 కిలోమీటర్ల కేబుల్‌ను సముద్రగర్భంలో పరిచారు. 2020 ఆగస్టు 10న ప్రధానమంత్రి దీన్ని ప్రారంభించారు. పోర్ట్ బ్లెయిర్‌తో పాటు స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్ దీని ద్వారా కలిశాయి. చెన్నై – పోర్ట్ బ్లెయిర్ మధ్య సెకనుకు 2×200 గిగాబిట్లు, అక్కడి నుంచి ఇతర దీవులకు 2×100 గిగాబిట్లు పంపేలా దీన్ని రూపొందించారు. అది కోవిడ్ కాలం. పాఠశాలలు మూసి ఉన్నాయి, పాఠాలు తెరల మీద నడుస్తున్నాయి. ఆ సమయానికి ఈ దారి తెరుచుకోవడం దీవుల విద్యార్థులకు ఎంత ముఖ్యమో మీరే ఊహించండి.

కేబుల్ లోపల వెంట్రుక మందాన ఉండే గాజు పోగులుంటాయి. సమాచారం వాటిలో కాంతి రూపంలో ప్రయాణిస్తుంది. దూరం వెళ్లేకొద్దీ కాంతి మసకబారుతుంది కాబట్టి కొన్ని పదుల కిలోమీటర్లకు ఒకటి చొప్పున దాని బలం పెంచే రిపీటర్లు అమర్చుతారు. వాటికి కావలసిన కరెంటు కూడా తీరం నుంచి ఆ కేబుల్‌లోనే వెళుతుంది.

ఇప్పుడు లెక్క మళ్లీ చేద్దాం. గాజులో కాంతివేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. చెన్నై నుంచి దారి 1,400 కిలోమీటర్లు అనుకుంటే, పోవడానికి 0.007, రావడానికి 0.007, మొత్తం 0.014 సెకను. ఇరవై ప్రశ్నలు జవాబులకు నిరీక్షణ 0.28 సెకను. పది సెకన్లు ఎక్కడ, పావు సెకను ఎక్కడ! 1858లో శిక్షగా వాడుకున్న దూరం ఈ రూపంలో ముప్ఫై రెట్లకు పైగా తరిగింది.

తీగ తెగితే?

విద్యార్థులారా, ఇక్కడితో పాఠం ముగిస్తే అది సగం పాఠమే అవుతుంది.

2004 డిసెంబర్ 26 ఉదయం సుమత్రా దగ్గర వచ్చిన భారీ భూకంపం, దాని వెంట వచ్చిన సునామీ ఈ దీవులను అతలాకుతలం చేశాయి. గ్రేట్ నికోబార్ దక్షిణ కొస ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. ఆ దుర్ఘటన తరువాత 2007 అక్టోబరులో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో భారత సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం మొదలైంది. భూకంప యంత్రాల సమాచారం, సముద్రమట్టపు కొలతలు హైదరాబాదు చేరుతాయి. లెక్కలు అక్కడ జరుగుతాయి. హెచ్చరిక దీవులకు వెళుతుంది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా సముద్రంలో 8.6 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు ఈ కేంద్రం నిమిషాల వ్యవధిలోనే సమాచారం జారీ చేసింది. యంత్రం ఒక చోట, ప్రాణాలు మరో చోట. మధ్యన ఉన్నది దారి మాత్రమే! అందుకే అలాంటి హెచ్చరికలను ఒకే దారిన కాక ఫోను, సంక్షిప్త సందేశం, ఈ-మెయిల్ వంటి అనేక దారుల్లో పంపుతారు.

దారి ఒక్కటే అయితే ఏమవుతుందో ప్రపంచం 2022లో చూసింది. ఆ సంవత్సరం జనవరి 15న పసిఫిక్ సముద్రంలోని టోంగా దేశం దగ్గర అగ్నిపర్వతం బద్దలైంది. ఆ దేశాన్ని ఫిజీతో కలిపే సుమారు 827 కిలోమీటర్ల సముద్రపు కేబుల్ తెగింది. మరమ్మతు ఓడ వచ్చి బాగుచేసేసరికి అయిదు వారాలు పట్టింది. అప్పటిదాకా ఉపగ్రహ సంబంధాలతోనే నెట్టుకు రావలసి వచ్చింది. సమాచారం ఏదో దేశంలోని డేటా సెంటర్‌లో భద్రంగానే ఉంటుంది. కాని చేరుకోలేని భద్రత వల్ల ప్రయోజనం ఏమిటి?

అండమాన్ నికోబార్ దీవులు దేశంలో భూకంప ప్రమాదం అత్యధికంగా ఉన్న ప్రాంతాల్లో ఒకటి. అందువల్ల అక్కడి ఆసుపత్రి, రేవు, కళాశాల క్లౌడ్‌కు మారేటప్పుడు ఒక ప్రశ్న వేసుకోవాలి. దారి వారంపాటు మూతపడితే ఏ పని ఆగకూడదు? ఆ పనికి కావలసిన సమాచారం నకలు దీవిలోనే ఉండాలి. రోగుల వివరాలు, మందుల నిల్వ, ఓడల రాకపోకలు ఇలాంటివి. ఈ-మెయిల్ వారం ఆగినా సర్దుకోవచ్చు, వీటిని ఆపుకోలేం. కేబుల్ వచ్చింది కాబట్టి ఉపగ్రహం పాతబడిందని కూడా అనుకోకూడదు. కష్టకాలంలో ఆదుకునేది అదే.

మేఘం మన గడప దగ్గర

మన దేశ ప్రభుత్వం కూడా ఈ మార్గంలో నడిచింది. 2014 ఫిబ్రవరిలో జాతీయ సూచన విజ్ఞాన కేంద్రం తన జాతీయ క్లౌడ్‌ను ప్రారంభించింది. ఈ కార్యక్రమానికి మేఘరాజ్ అని పేరు పెట్టారు. ప్రతి శాఖా తనకంటూ సర్వర్లు కొనకుండా ఉమ్మడి వనరుల నుంచి వాడుకోవడం దీని ఉద్దేశం. 2015లో డిజిలాకర్ వచ్చింది. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాదులో తన క్లౌడ్ కేంద్రాల సముదాయాన్ని ప్రారంభించింది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో భారీ డేటా సెంటర్‌ను, దానితో పాటు సముద్రపు కేబుళ్లు తీరం చేరే ఏర్పాటును ప్రకటించింది. ఒకప్పుడు దీవులకు ఓడలు బయలుదేరే రేవుగానే మనకు తెలిసిన విశాఖ ఇక సమాచారానికీ రేవు కాబోతున్నదన్నమాట. డేటా సెంటర్లకు విద్యుత్తు, యంత్రాలను చల్లబరచడానికి నీరు పెద్ద మొత్తంలో కావాలి. మేఘానికి నేల మీద ఖరీదు ఉంటుందని దీన్ని బట్టి గ్రహించాలి.

1961లో ఒక యంత్రాన్ని పదిమంది పంచుకోవడంతో మొదలైన కథ ఇది. యంత్రం ఎంత దూరాన ఉన్నా, అది మనకు దగ్గరా దూరమా అన్నది మధ్యనున్న దారిని బట్టి ఉంటుంది. మీరు రేపు ఉద్యోగంలో చేరి ఏదైనా కార్యాలయానికి క్లౌడ్ సేవ ఎంచుకోవలసి వస్తే మూడు ప్రశ్నలు వేయండి. నా సమాచారం ఏ చోట ఉంది? ఏ పని వారిది, ఏ పని నాది? దారి మూతపడితే నేను ఏం చేస్తాను? ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగిన తరువాతే ఒప్పందం మీద సంతకం పెట్టాలి.

ఆలోచించండి – చేసి చూడండి

1. టైమ్ షేరింగ్‌కూ వర్చువల్ మెషీన్‌కూ తేడా ఏమిటి? రెండోది ఏ ఇబ్బందిని తీర్చింది?

2. మీరు రోజూ వాడే ఐదు ఇంటర్నెట్ సేవల పేర్లు రాయండి. వాటిలో సాఫ్ట్‌వేర్ యాజ్ ఎ సర్వీస్ కిందికి వచ్చేవి ఏవి? ఒక్కొక్క దానిలో మీ ‘పెట్టె’ ఏది, ‘తాళం’ ఏది?

3. మీ ఊరికీ చెన్నైకీ ఉన్న దూరం తీసుకొని, గాజు తీగలో సంకేతం వెళ్లి రావడానికి పట్టే సమయం లెక్కకట్టండి. భూస్థిర ఉపగ్రహం ద్వారా పట్టే సమయంతో పోల్చండి.

4. మీ కళాశాల రికార్డులన్నీ క్లౌడ్‌లో పెట్టారనుకోండి. వారం రోజులు ఇంటర్నెట్ లేకపోతే ఆగకూడని పనులు ఏవి? వాటి కోసం ఏ సమాచారాన్ని కళాశాలలోనే ఉంచుతారు? మిత్రులతో చర్చించి ఒక పట్టిక తయారు చేయండి.